ప్రతిభ పడుగు, పరిశ్రమ పేక

విద్యను గూర్చి మాటలాడునప్పుడు తెలుగువారు రెండు క్రియలను వాడుదురు. ఒకటి అబ్బుట, రెండవది నేర్చుట. పాట వానికి అబ్బినది అందుము. ఈత వాడు నేర్చినాడు అందుము. అబ్బినది తనంత తాను వచ్చి చేరినది. నేర్చినది మనము పోయి తెచ్చుకొన్నది. పువ్వు పుట్టగనే పరిమళించునను సామెత మొదటి క్రియకు సాక్ష్యము చెప్పును. కృషితో నాస్తి దుర్భిక్షమను సూక్తి రెండవదాని పక్షమున నిలుచును. ఒకే జనము ఈ రెండు మాటలను ఏకకాలమున నమ్ముచుండుట విచిత్రముగా తోచవచ్చును గాని, అందొక వివేకము కలదు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల పాఠశాలలలో ఈ ప్రశ్న కేవలము తర్కమునకు సంబంధించినది కాదు. 'వీనికి చదువు అబ్బదు' అని ఉపాధ్యాయుడు ఒక్కమాట అన్నచో ఆ మాట ఆ సాయంకాలమే ఇంటికి చేరును. వానలు ముఖము చాటువేసిన సంవత్సరమున, కుటుంబము మూటాముల్లె సర్దుకొని గుంటూరు సీమకు మిరపకోతకో, పత్తితీతకో బయలుదేరు వేళ, ఆ ఒక్కమాటయే బాలుని బడి మాన్పించుటకు చాలిన కారణమగును. కావున ప్రతిభ యెంత, పరిశ్రమ యెంత అను విచారము మన ఊళ్లలో ఒక బాలుడు పుస్తకము పట్టుకొనునా, కూలిగంప పట్టుకొనునా అనుదానితో ముడిపడి యున్నది.

మన ఆలంకారికులు ఈ విషయమును వేయి సంవత్సరములకు పూర్వమే విచారించిరి. కావ్యము పుట్టుటకు కారణమేమి యని వారడిగిరి. కావ్యాదర్శమున దండి మూడింటిని పేర్కొనెను: సహజమైన ప్రతిభ, నిర్మలమైన శాస్త్రపరిచయము, విడువని అభ్యాసము. అంతటితో ఆయన ఊరకుండలేదు. పూర్వవాసనచే వచ్చు ప్రతిభ లేకున్నను, యత్నముతో సేవించిన వానిని వాగ్దేవి ఏదో యొక విధముగా అనుగ్రహింపకపోదని ధైర్యము చెప్పెను. తరువాతివాడగు మమ్మటుడు కావ్యప్రకాశమున శక్తి, నిపుణత, అభ్యాసము అను మూడింటిని చెప్పి, అవి మూడు వేర్వేరు హేతువులు కావనియు, మూడును కలిసి ఒకే హేతువనియు నిర్ణయించెను. హేతువు అను పదమును ఆయన బహువచనమున కాక ఏకవచనమున ప్రయోగించుటలోనే సిద్ధాంతమంతయు ఇమిడి యున్నది.

కావ్యమున ఈ లెక్క తేల్చుట కష్టము. ఒక పద్యము మరియొక పద్యముకంటె ఎంత గొప్పదో కొలుచుటకు త్రాసు లేదు. క్రీడారంగమున అట్లు కాదు. అక్కడ గెలుపోటములను గడియారము, తూనిక, గోలుల సంఖ్య తేల్చివేయును. అందుచేత ప్రతిభాపరిశ్రమల వివాదము మన కాలమున కవిసభలనుండి ఆటస్థలమునకు మారినది. అందును ఈ వివాదము ఎక్కువగా సాగినది మనకు మిక్కిలి దూరమైన ఒక ఆటయందు. అది మంచుగడ్డపై ఆడు ఐస్ హాకీ.

ఆదోనిలో మంచుగడ్డ యనగా వేసవిలో షర్బతు బండిపై గోనెపట్టా కప్పుకొని కరగుచుండు వస్తువు. కెనడా దేశమున అది శీతకాలమంతయు పిల్లలకు ఆటస్థలము. అచ్చటి ఆటగాండ్రు కాళ్లకు పదునైన ఉక్కు పట్టీలుగల జోళ్లు తొడిగి, గడ్డకట్టిన నేలపై జారుచు, చేతికర్రలతో రబ్బరు బిళ్లనొకదానిని ఎదుటివారి వలలోనికి కొట్టుదురు. ఆ బిళ్ల మూడంగుళముల వెడల్పు, ఒక అంగుళము మందము కలది. ఒక్కొక్క పక్షమున గోల్‌రక్షకునితో కలిసి ఆరుగురు; ఇరువదేసి నిమిషముల ఆట మూడు పర్యాయములు. కట్టడము లోపల, నియమబద్ధముగా ఈ ఆట తొలిసారి 1875 మార్చి 3వ తేదీన మాంట్రియల్ నగరమున జరిగినది.

ఈ ఆటలో అందరికంటె పేరు మోసినవాడు వేన్ గ్రెట్‌స్కీ. 1961 జనవరిలో జన్మించెను. తండ్రి టెలిఫోన్ కంపెనీ ఉద్యోగి. ఆయన ఇంటి పెరటిలో నీరు పెట్టి గడ్డకట్టించి కుమారునికొక చిన్న ఆటస్థలమును సిద్ధము చేసెను. దానిపై డబ్బాలు వరుసగా నిలిపి, వాని నడుమనుండి బిళ్లను తప్పించుచు జారుట నేర్పెను. పది సంవత్సరముల ప్రాయమున ఆ బాలుడు ఒకే ఋతువులో 378 గోలులు చేసెను. పెద్దవాడై, 1979 మొదలు 1999 వరకు నేషనల్ హాకీ లీగులో ఆడి 894 గోలులు సాధించెను.

చిత్రమేమన, ప్రతిభావాదులు, పరిశ్రమవాదులు కూడ ఇతనినే సాక్షిగా పిలుతురు. ఊరిలోని బాలురందరును అదే చలిలో అదే మంచుపై ఆడిరి గదా, 378 గోలులు ఇతడొక్కడే ఏల చేసెనని మొదటివారి ప్రశ్న. ఇతడు ఆటగాండ్రలో ఆజానుబాహువు కాడు, అందరికంటె వేగము కలవాడును కాడు. పెరటిలో గడపిన గంటలు కాక మరేమి ఇతనిని నిలబెట్టెనని రెండవవారి ప్రశ్న. రెండు ప్రశ్నలును న్యాయమైనవే. కాని ఇరువురును మరచునది మూడవ వస్తువు. అది ఆ పెరడు. మంచు కురియు దేశము, ఓపికగల తండ్రి, ఇంటివెనుక ఖాళీస్థలము ఈ మూడును లేనిచో ప్రతిభ తెలియుటకును, పరిశ్రమ సాగుటకును చోటే లేదు. గ్రెట్‌స్కీ గోలుల సంఖ్యను 2025 ఏప్రిల్ 6వ తేదీన అధిగమించిన రష్యా ఆటగాడు అలెగ్జాండర్ ఒవెచ్కిన్ విషయమును అట్టిదే. ఆతని తల్లి బాస్కెట్‌బాల్ క్రీడలో రెండు ఒలింపిక్ స్వర్ణపతకములు పొందినది. కుమారునికి ఆమెనుండి వచ్చినది దేహదార్ఢ్యమా, నిత్యము వ్యాయామము చేయు ఇంటి క్రమశిక్షణయా? విడదీయుట ఎవరి తరము?

ఐస్ హాకీయందే బయటపడిన మరియొక సత్యము మన ఉపాధ్యాయులకు మిక్కిలి ఉపయోగకరము. రోజర్ బార్న్‌స్లీ అను కెనడా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును 1985లో ఆ దేశపు మేటి ఆటగాండ్ర పుట్టిన తేదీలను పరిశీలించిరి. జనవరి, ఫిబ్రవరి, మార్చి మాసములలో పుట్టినవారు మిక్కుటముగాను, అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాసములలో పుట్టినవారు అల్పముగాను కనబడిరి. నక్షత్రబలము కాదు. అచ్చట బాలుర జట్లను జనవరి 1వ తేదీని హద్దుగా పెట్టుకొని విభజించుచుండిరి. ఒకే జట్టులో జనవరిలో పుట్టినవాడు డిసెంబరులో పుట్టినవానికంటె దాదాపు ఒక సంవత్సరము పెద్ద. ఎనిమిది, తొమ్మిది ఏండ్ల ప్రాయమున ఒక సంవత్సరమనగా ఎంతో ఎత్తు, ఎంతో బలము. శిక్షకుడు ఆ ఎత్తును, బలమును చూచి ప్రతిభ యనుకొనును. వానిని మేలైన జట్టునకు ఎన్నుకొనును. అక్కడ మంచి శిక్షణ, ఎక్కువ ఆట దొరకును. కొన్ని సంవత్సరములకు వాడు నిజముగనే మేటి యగును. చిన్నవాడు బలహీనుడన్న పేరు మోసి ఇంటికి పోవును. ఆదిలో పొరపాటున పెట్టిన పేరు కాలక్రమమున నిజమై కూర్చుండును.

ఈ విషయమున మన రైతు ఆ శిక్షకులకంటె వివేకవంతుడు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర సమయమునను, ఈ సీమయందలి పెక్కు తిరునాళ్లలోను బండలాగుడు పోటీలు జరుగుట అందరెరిగినదే. అక్కడ ఎద్దులను పళ్లు చూచి విభజింతురు. పాలపళ్ల దూడల జత ఒక విభాగము, రెండుపళ్లవి వేరొకటి, నాలుగుపళ్లవి, ఆరుపళ్లవి మరియొక్కొక్కటి. పాలపళ్ల దూడను ఆరుపళ్ల ఎద్దు సరసన నిలిపి, ఇది లాగలేదు, దీనికి సత్తువ అబ్బలేదని ఏ రైతును అనడు. తరగతిగదిలో మాత్రము మనము ఆ పని ప్రతిదినమును చేయుచున్నాము. ఒకే తరగతిలో ఏడాది పెద్దవాడును, ఏడాది చిన్నవాడును ప్రక్కప్రక్కన కూర్చుందురు. ఒకని ఇంట పుస్తకమున్నది, మరియొకని ఇంట దీపమునకే కరవు. ఒకడు జూన్ మాసమునుండి బడిలోనే యున్నాడు, మరియొకడు తలిదండ్రుల వెంట పోయి నాలుగునెలల పాఠములు పోగొట్టుకొని వచ్చినాడు. అందరికిని ఒకే ప్రశ్నపత్రమిచ్చి, వచ్చిన మార్కులను బుద్ధి యని పేరు పెట్టుదుము.

పరిశ్రమవాదుల పక్షమున తరచుగా వినవచ్చునది పదివేల గంటల మాట. 1993లో ఆండర్స్ ఎరిక్‌సన్ అను శాస్త్రజ్ఞుడు మరి ఇద్దరితో కలిసి బెర్లిన్ సంగీత విద్యాలయమున వయొలిన్ విద్యార్థులను పరిశీలించెను. అందరిలో మేటియైనవారు ఇరువది ఏండ్లు వచ్చుసరికి సగటున పదివేల గంటలకు మించి ఏకాంతసాధన చేసినట్లు తేలినది. ఈ మాట లోకమంతట వ్యాపించి, పదివేల గంటలు చేసిన ప్రతివాడును విద్వాంసుడగునను భ్రమ కలిగించినది. ఎరిక్‌సన్ అభిప్రాయము అది కాదు. ఊరక గంటలు లెక్కించుటవలన ఫలము లేదనియు, గురువు పర్యవేక్షణమున తన తప్పును తాను కనుగొని దిద్దుకొను సాధనయే సాధన యనియు ఆయన నొక్కిచెప్పెను. వంకర అక్షరమును వేయిసార్లు వ్రాసినవానికి వంకర అక్షరమే స్థిరపడును గదా!

2014లో బ్రూక్ మాక్‌నమారా మొదలైన శాస్త్రజ్ఞులు అట్టి పరిశోధనలు 88ని కూర్చి లెక్కకట్టిరి. క్రీడలలో ఒకరికిని మరియొకరికిని గల తేడాలో సాధన వలన వచ్చినది నూటికి 18 పాళ్లు. సంగీతమున 21 పాళ్లు. చదువులో 4 పాళ్లు మాత్రమే. ఈ అంకెలు చూచి మిగిలినదంతయు పుట్టుకతో వచ్చినదే యని తొందరపడరాదు. ఆ మిగిలిన భాగమున దేహనిర్మాణముతోపాటు ఆట మొదలుపెట్టిన వయస్సు, గురువు, ఆహారము, ఆరోగ్యము, ఇల్లు, అదృష్టము, కొలతలో దొర్లు లోపము అన్నియు కలిసి యున్నవి. 2016లో వారే మరల పరిశీలింపగా, అత్యున్నతశ్రేణి క్రీడాకారులలో సాధన వలన కలుగు తేడా నూటికి ఒక్కపాలుగా కనబడినది. దాని అర్థము సాధన వ్యర్థమని కాదు. ఆ శ్రేణికి చేరినవారందరును అప్పటికే సాధనచేసి యుందురు. అందరును చేసినది ఒకనిని మరియొకనినుండి వేరుచేయజాలదు. మెట్లెక్కక మేడమీదికి పోవుట లేదు. మేడమీద నున్నవారిలో ఎవరు పొడవరి యని తేల్చుటకు మెట్లు పనికిరావు.

ఇక మన తెలుగువారి సంగతి చూతము. కరణం మల్లీశ్వరి శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటలో పెరిగినది. అక్కలు బరువులెత్తు సాధన చేయుచుండగా చూచి తానును ముచ్చటపడినది. సన్నని పిల్ల, బలము చాలదని మొదట అన్నవారు కలరు. తల్లి ధైర్యము చెప్పినది. తరువాత ఢిల్లీ శిక్షణశిబిరమునకు అక్క వెంట పోయినప్పుడు ఒక విదేశీ శిక్షకుని దృష్టి ఈమెపై పడినది. 1994, 1995 సంవత్సరములలో ఈమె ప్రపంచవిజేత. 2000 సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన సిడ్నీ నగరమున 110 కిలోలు, 130 కిలోలు, మొత్తము 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళ యయ్యెను. ఒకే పిల్లను చూచిన కండ్లలో కొన్ని లేమిని చూచినవి, కొన్ని కలిమిని చూచినవి. పిల్ల మారలేదు, చూపు మారినది. మొదటి తీర్పునకే ఆ తల్లి తలయొగ్గియున్నచో ఈ చరిత్ర వ్రాయబడెడిది కాదు.

పూసర్ల వెంకట సింధు తలిదండ్రులిరువురును వాలీబాల్ క్రీడాకారులు. తండ్రి రమణగారు 1986 సియోల్ ఆసియా క్రీడలలో కాంస్యపతకము పొందిన జట్టులోనివారు. ఆమెకు వచ్చిన పొడవు తలిదండ్రులిచ్చిన ఆస్తి. దానిని ఎవరును సాధనతో సంపాదింపలేరు. కాని బాల్యమున ఆమె ఇంటినుండి గచ్చిబౌలియందలి పుల్లెల గోపీచంద్ శిక్షణాలయమునకు ప్రతిదినము రాకపోకలు కలిపి 56 కిలోమీటర్లు ప్రయాణము చేసినది. అది ఎవరును ఆస్తిగా ఇచ్చినది కాదు. 2016లో రియో రజతము, 2019లో ప్రపంచవిజేత పదవి, 2021లో జరిగిన టోక్యో క్రీడలలో కాంస్యము ఆ పొడవువలన వచ్చినవా, ఆ ప్రయాణమువలన వచ్చినవా? గురువగు గోపీచంద్ సంగతి వేరు. 1994లో మోకాలి కీలుబంధము తెగి, ఇక ఆట ముగిసినదని లోకము అనుకొన్న తరువాత, 2001 మార్చి 11వ తేదీన ఆల్ ఇంగ్లండ్ విజేతగా నిలిచెను. 1980లో ప్రకాశ్ పదుకొణె తరువాత ఆ గౌరవము పొందిన భారతీయుడు ఆయన యొక్కడే.

గెలుపు కనబడని పరిశ్రమ మరియొకటి కలదు. చిత్తూరు సీమలో ఒక పల్లెయందు వడ్రంగము చేయు తండ్రికి పుట్టిన ఇతిమర్పు రజని భారత మహిళా హాకీ జట్టున గోల్‌రక్షకురాలైనది. మంచుపై హాకీ కాదు, మనము ఎరిగిన నేలపై హాకీ. గోల్‌రక్షణ స్థానము జట్టున ఒక్కటియే. ఆ స్థానమున సవితా పూనియా వంటి మేటి క్రీడాకారిణి పది సంవత్సరములకు పైగా నిలిచి యుండగా, రజని రెండవ వరుసలో సిద్ధముగా నుండవలసి వచ్చినది. పిలుపు వచ్చునో రాదో తెలియక ప్రతిదినము సాధన చేయుట సామాన్యమైన నిగ్రహము కాదు. 2024 జనవరిలో మస్కట్ నగరమున ఐదుగురేసి ఆడు హాకీ ప్రపంచకప్ పోటీలకు ఆమె నాయకురాలై పోగా భారత జట్టు రజతపతకము పొందినది. ఈ నిరీక్షణమును ప్రతిభ యందుమా, పరిశ్రమ యందుమా? ఓర్పును కొలుచు త్రాసు ఏ శాస్త్రజ్ఞుడును ఇంకను చేయలేదు.

ఐస్ హాకీకి మన దేశమున స్థానము లడఖ్. అచ్చట చెరువులు గడ్డకట్టి నిలుచునది శీతకాలమున రమారమి రెండు మాసములు మాత్రమే. ఆ కొద్దిదినములలో నేర్చుకొన్నవారే అధికముగా గల భారత మహిళా జట్టు 2025 జూన్ మాసమున ఆసియా కప్ పోటీలలో కాంస్యము సాధించినది. ఆ పోటీలు జరిగినది అరబ్బు ఎమిరేట్ల ఎడారి నగరమగు అల్ అయిన్‌లో. ఎడారిలో యంత్రముతో మంచు చేసి ఆటస్థలమును నిర్మించిరి. అవకాశము కూడ ఆకాశమునుండి రాలునది కాదు, మనుష్యులు కల్పించునదే యనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

అవకాశమును కల్పించిన చరిత్ర మనకు అంత దూరమున లేదు. ఎమ్మిగనూరు నేతపనివారికి నేర్పు కొత్త కాదు. నేతగాని ఇంట బిడ్డ మొదట కండెలు చుట్టును, తెగిన పోగు అతుకుట నేర్చును, కాలు అందిన నాడు గుంటలో దిగి మగ్గము తొక్కును. వ్రేళ్ల సున్నితము కొంత పుట్టుకతో వచ్చినను, వేలమార్లు నాడె ఆడించిన గాని అంచు సరిగా నిలువదు. ఇంత నేర్పు, ఇంత శ్రమ ఉండియు నూలు సకాలమున దొరకక, బట్ట గిట్టుబాటు ధరకు అమ్ముడుపోక నేతగాండ్రు పస్తులున్న దినములు గలవు. 1938లో మాచాని సోమప్పగారు చేనేతకారుల సహకార సంఘమును స్థాపించినప్పుడు నేతగాండ్రకు కొత్తగా ప్రతిభను పంచలేదు. మరింత కష్టపడుడని ఉపదేశమును చేయలేదు. నూలు, అమ్మకము, ఆశ్రయము సమకూర్చుటకు పూనుకొనిరి. ఆయనకు 1954లో పద్మశ్రీ గౌరవము లభించినది.

ఈ మగ్గమే మన ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది. పడుగు ముందే సాగదీసి కట్టినది. దాని పొడవును నేతగాడు కూర్చున్న తరువాత పెంచలేడు. అది ప్రతిభ. పేక అతడు ఒక్కొక్క పోగుగా నాడెతో వేయునది. అది పరిశ్రమ. పడుగు మాత్రమే యున్నచో అది దారముల వరుస. పేక మాత్రమే యున్నచో అది కండె. నేసిన బట్టలో ఇంతపాలు పడుగు, ఇంతపాలు పేక యని తూచవచ్చును గాని, బట్టకు గట్టిదనము దేనివలన వచ్చినదని అడుగుట తెలివి కాదు. ఇక మగ్గమే లేనిచో రెండును మూటలో మూలపడి యుండును.

రెండు వాదములందును గల ప్రమాదమును ఉపాధ్యాయులు గుర్తింపవలెను. అంతయు పుట్టుకయే యనువాడు బీదబాలుని నుదుట ముందే గీత గీయును. అంతయు శ్రమయే యనువాడు మరియొక క్రౌర్యము చేయును: రాత్రి పొలమునుండి వచ్చి, నిద్ర ఆపుకొని చదివి, తప్పిన బాలుని చూచి, నీవు చాలినంత కష్టపడలేదని నిందించును. మొదటివాడు ఆశను చంపును. రెండవవాడు ఆత్మగౌరవమును చంపును. ఏకలవ్యునికి ప్రతిభ కొరవడినదా? శ్రమ కొరవడినదా? గురువు బొమ్మ ఎదుట ఒంటరిగా సాధన చేసి అర్జునుని ఆశ్చర్యపరచినవాడు అతడు. అతనికి లేనిది గురువు లోపలికి రమ్మని పిలిచిన పిలుపు. అదే ఆదిపర్వమున అర్జునుడు, దీపమారిన చీకటిలో చేయి తప్పక నోటికి పోవుట గమనించి, అభ్యాసబలము తెలిసికొని, చీకటిలో బాణములు వేయ నారంభించెను. అర్జునునకును ప్రతిభ గలదు, శ్రమ గలదు. పైగా గురువు వచ్చి కౌగిలించుకొని ప్రోత్సహించెను. ఇరువురి నడుమ తేడా ఎక్కడ నున్నదో పాఠము చెప్పునప్పుడు విద్యార్థులను అడిగి చూచిన బాగుండును.

విద్యార్థులకు ఒక్కమాట. పడుగు పొడవెంతో మీకు తెలియదు, ఎవరికిని తెలియదు. నేయుచు పోగా మాత్రమే తెలియును. తెలియనిదానిని గూర్చి దిగులుపడుటకంటె ఈ దినమున వేయవలసిన పోగు వేయుట మేలు. తప్పిన లెక్కను దాచక గురువునకు చూపుడు. తప్పు తెలిసి దిద్దుకొనిన గంటయే గంట.

ఉపాధ్యాయులకు చేయు మనవి అంతకంటె చిన్నది. జూన్ మాసమున ఒక పిల్లవాని గూర్చి ఏర్పడిన అభిప్రాయమును డిసెంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి తిరిగి విచారింపుడు. వాని వయస్సు, వాడు పోగొట్టుకొన్న దినములు, వాని ఇంటి దీపము లెక్కలోనికి తీసికొనుడు. వలస పోయి తిరిగివచ్చినవానిని వెనుకబెంచీకి పంపక, ముందువరుసలో కూర్చుండబెట్టుడు. 'అబ్బలేదు' అను మాట నోటికి వచ్చినప్పుడు, 'ఇంకను నేర్వలేదు' అని మార్చి పలుకుడు. ఆ రెండు మాటల నడుమ ఒక బాలుని జీవితమంతయు పట్టును.